అమ్మ హాజరు పట్టీ

మన తరగతి సమ్మేళనం సంచికకు రెండు పేజీలు రాయమని కమిటీ నుంచి మూడోసారి ఫోను వచ్చింది. "బడి గురించి రాస్తావో మాస్టార్ల గురించి రాస్తావో నీ ఇష్టం, అమ్మ లేకుండా రాస్తే మాత్రం అచ్చు వేయం" అన్నాడు మన క్లాసు లీడర్. అమ్మ పోయి ఏడాది దాటింది. రాయడానికి కూర్చుంటే నాకూ ఆమే గుర్తొస్తోంది.

ఆరో తరగతి నుంచి ఎనిమిది దాకా జరిగినవి మీరు రాయండి. గొడుగు సంగతి, గంట మాయమైన సంగతి చివరి బెంచీ వాళ్ళు నాకంటే బాగా చెబుతారు. నాకు తొమ్మిదో తరగతి వానాకాలం చాలు.

మొదటి రోజు ఇద్దరు రాలేదు. మర్నాడు ఏడుగురు. మూడో రోజు బుల్లోడు వరండాలోనే కూలబడ్డాడు. అప్పటికే వాంతులు, విరేచనాలతో కళ్ళు లోపలికి పోయాయి. ఆస్పత్రి దూరం. తెలుగు మాస్టారు వాణ్ణి భుజాన వేసుకుని మా ఇంటికి పరుగెత్తుకొచ్చారు.

ఉప్పు చక్కెర నీళ్ళు కలిపి తాగించడం అమ్మకు ఒక నర్సు నేర్పిన విద్య. కాచి చల్లార్చిన నీళ్ళు లీటరు, చక్కెర ఆరు చిన్న చెంచాలు, ఉప్పు అర చెంచా. ప్రతి చెంచా మీదా వేలితో గీసి, పైకి లేచినదంతా రాల్చేసేది. కలిపాక ముందు తన నాలుక మీద ఒక చుక్క వేసుకునేది. "కన్నీళ్ళకంటే ఉప్పగా ఉంటే పారబోయాలి" అనేది.

బుల్లోడు తాగిందంతా కక్కేశాడు. అమ్మ పది నిమిషాలు ఆగి మళ్ళీ మొదలుపెట్టింది. పెదవుల మధ్య చెంచా ఆనించి, గుటక పడేదాకా చెయ్యి కదిపేది కాదు. ఆమె పెదవులు మాత్రం ఆడుతున్నాయి. చెంచాలు లెక్కపెడుతోంది అనుకుని దగ్గరికి వెళ్ళాను. ప్రార్థన చేస్తోంది. మన పేర్లన్నీ, హాజరు పట్టీ వరసలో, ఒకటో నంబరు నుంచి. తెల్లవారుజామున ఆమె గొణిగేది ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది.

సాయంత్రానికి వాడు "ఒంటేలికి వెళ్ళాలి" అన్నాడు. ఒంట్లో నీరు నిలిచిందన్నమాట. ఆ మాట విని అమ్మ గోడకు చేరగిలబడి ఏడ్చేసింది. తరువాతి నాలుగు రోజులూ ఇల్లిల్లూ తిరిగింది. ప్రతి తల్లి చేతా కలిపించి, రుచి చూపించింది. "మీ దేవుణ్ణి మీరు తలుచుకోండి, చెంచా మాత్రం ఆపకండి" అని చెప్పి వచ్చేది.

వైద్య కళాశాలలో దాని వెనక ఉన్న పాఠం విన్నాను. పేగు గోడలోకి చక్కెర తనతోపాటు ఉప్పును తీసుకుపోతుంది, వాటి వెంట నీరు వెళుతుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థుల శిబిరంలో కలరా ప్రబలితే, సెలైను చాలక డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇలాంటి ద్రావణాన్నే తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. ఇదంతా అమ్మకు ఉత్తరం రాశాను. జవాబు రెండే వాక్యాలు: "ఆ డాక్టరు గారి పేరు కూడా చేర్చాను. నువ్వు వేళకు తిను."

పిల్లల డాక్టరుగా నాకు ఇది 31వ ఏడు. ఇప్పుడు పొడి పొట్లాలు వచ్చాయి, కొలత తప్పే భయం లేదు, నేనూ అవే రాస్తాను. అయినా నా బల్ల మీద ఒక చెంచా ఉంటుంది. వచ్చిన తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని ఎలా తాగించాలో చూపిస్తాను. సూది అవసరం లేకుండా ఇంటికి వెళ్ళిన పిల్లలను చూసినప్పుడల్లా, అమ్మ చూస్తే బాగుండేది అనిపిస్తుంది.

చివరి నెలల్లో ఆమెకు నా పేరు కూడా తట్టేది కాదు. పట్టీ మాత్రం తప్పలేదు. పదిహేడో నంబరు ఎవరో మీకు తెలుసు. వాడు పోయి ఇన్నేళ్ళయినా ఆ పేరు ఒక్కనాడూ దాటవేయలేదు.

ఆమె దిండు కింద ఒక నోటు పుస్తకం దొరికింది. మన నలభై ఇద్దరి పేర్లూ, ఒక్కొక్కరి కింద జీవిత భాగస్వామి, పిల్లలు. తెలిసినప్పుడల్లా రాసుకున్నట్టుంది, సిరా రంగులు వేరువేరు. సమ్మేళనానికి తెస్తున్నాను. చాలామంది మనవల పేర్లు అందులో లేవు. మీ పేరు కింద ఆమె జాగా వదిలింది, వచ్చి రాయండి.