ఆటోనగర్‌లో ముందే తెలిసిన సంగతి

2019లో ఒక లారీ రవాణా కంపెనీ షేర్లు కొన్నాను. ధర సగానికి పడింది కదా, ఇంకెంత పడుతుందిలే అనుకున్నా. ఇంకా పడింది.

విజయవాడ ఆటోనగర్‌లో మా బాబాయికి రెండు లారీలున్నాయి. "లోడు కోసం మూడు రోజులుగా బ్రోకర్ ఆఫీసు దగ్గరే పడున్నాంరా, నువ్వేమో షేర్లు కొన్నావా!" అని నవ్వాడు. అసలు సంగతి ఆయనే చెప్పాడు. 2018లో పది టైర్ల లారీ మొత్తం బరువు పరిమితిని 25 టన్నుల నుంచి 28.5కి పెంచారు. బండ్లు అన్నే, మోసే శక్తి పెరిగింది, సరుకేమో తగ్గింది. కిరాయి పడదా మరి? ఫైనాన్స్ వాయిదాలు మాత్రం ఆగవు. నేనేమో పీఈ రేషియో, అంటే కంపెనీ లాభానికి షేరు ధర ఎన్ని రెట్లుందో చెప్పే లెక్క, తక్కువగా ఉందని చూసి మురిసిపోయా.

2020 మార్చిలో టెన్షన్ తట్టుకోలేక అమ్మేశాను. ఆ తర్వాత ఆ షేరు వైపు చూడలేదు. సరే, రెండుసార్లు చూశా.