ఇంట్లో తెలుగు మాట్లాడడం కారణం కాదు: మా అబ్బాయి ఐఈపీ అనుభవం

మేము అమెరికాలో ఉంటున్నాము. మా అబ్బాయి రెండో తరగతి సగానికి వచ్చినా మూడక్షరాల ఇంగ్లీషు మాటలను కూడా కూడబలుక్కునే చదివేవాడు. ఇంట్లో తెలుగు మాట్లాడడం వల్లే ఇలా అవుతోందని, ఇంకొంతకాలం చూద్దామని పబ్లిక్ స్కూల్ వాళ్లు కలిసిన ప్రతిసారీ చెప్పారు. ఆ మాట నమ్మి నాలుగు నెలలు నేను వాడితో తెలుగు మాట్లాడడం మానేశాను. అది తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఒక రాత్రి మా అమ్మ ఫోన్‌లో వాడికి కథ చెప్పి, తిరిగి చెప్పమంది. వాడు ఎక్కడా తడబడకుండా మొత్తం తెలుగులోనే చెప్పాడు. ఆ తరువాత, "పలకలో ప తీసేస్తే ఏం మిగులుతుందిరా కన్నా?" అని అడిగింది. వాడు వేళ్లు ముడుస్తూ తెరుస్తూ చాలాసేపు ఆలోచించి "పల" అన్నాడు. మాటను ధ్వనులుగా విడదీయడం వాడికి తెలుగులోనూ కష్టంగానే ఉందని, తప్పు మా ఇంటి భాషది కాదని నాకు అప్పుడు అర్థమైంది.

వైకల్యం ఉన్న విద్యార్థుల చదువుకు రక్షణ కల్పించే ఐడీఈఏ అనే ఫెడరల్ చట్టాన్ని ఆ వారమే చదివాను. ఇంగ్లీషు సరిగా రాకపోవడమే అసలు కారణమైతే ఆ పిల్లవాడికి వైకల్యం ఉన్నట్టు నిర్ణయించకూడదని అందులో ఉంది కానీ, ఇంట్లో మరో భాష ఉంది కాబట్టి అసలు పరీక్షే చేయవద్దని ఎక్కడా లేదు. పలక సంగతి కూడా వివరంగా రాసి, వాడికి వైకల్యం ఉందో లేదో తేల్చే పూర్తి మూల్యాంకనం కోరుతూ తేదీ వేసి ప్రిన్సిపాల్‌కు ఉత్తరం పంపాను. మొదట తరగతి గదిలోనే అదనపు సాయం చేసి చూస్తామని స్కూల్ వాళ్లు అన్నారు. అలాంటి సాయం పేరుతో మూల్యాంకనాన్ని ఆలస్యం చేయరాదని ఫెడరల్ విద్యాశాఖ 2011లోనే స్పష్టం చేసిందని గుర్తుచేసి, నిరాకరిస్తున్నట్లయితే కారణాలతో సహా రాతపూర్వకంగా ఇవ్వమని అడిగాను. అలా ఇవ్వడం వారి చట్టబద్ధమైన బాధ్యత. వారం తిరగకుండా మూల్యాంకనానికి నా సమ్మతి కోరే పత్రం వచ్చింది. రాష్ట్రం వేరే గడువు పెట్టకపోతే, సంతకం అందిన నాటి నుంచి 60 రోజుల్లో మూల్యాంకనం పూర్తి కావాలి.

ప్రత్యేక విద్యకు అర్హత తేలాక 30 రోజుల్లోపే ఐఈపీ, అంటే వాడి అవసరాలకు తగ్గట్టు రాసే వ్యక్తిగత విద్యా ప్రణాళిక, కోసం సమావేశం జరిగింది. ఆఫీసులో రోజంతా ఇంగ్లీషే మాట్లాడుతాను కాబట్టి దుబాసీని అడగడానికి మొదట మొహమాటపడ్డాను, కానీ పిల్లవాడి భవిష్యత్తు ముందు మొహమాటానికి చోటు లేదనుకుని అడిగాను. స్కూలే ఉచితంగా ఏర్పాటు చేసింది. ముసాయిదాలో "చదవడంలో మెరుగుపడతాడు" అని మాత్రమే ఉంది. ఇప్పుడు నిమిషానికి ఎన్ని మాటలు తప్పు లేకుండా చదువుతున్నాడు, ఏడాది చివరికి ఎన్ని చదవాలి అని అడిగి, అంకెలు రాసేదాకా సేవలకు సమ్మతి ఇవ్వలేదు. నామమాత్రపు ప్రగతి చాలదని 2017లో సుప్రీంకోర్టు ఎండ్రూ ఎఫ్. అనే వైకల్యం ఉన్న విద్యార్థి కేసులో ఏకగ్రీవంగా చెప్పిన మాట నాకు అక్కడ ధైర్యమిచ్చింది. చివరకు 18 నుంచి 60 మాటలకు చేరాలని రాశారు.

వచ్చే నెలలో వార్షిక సమీక్ష ఉంది. వేసవి సెలవుల్లోనూ బోధన కొనసాగించాలని, దుబాసీని మళ్లీ ఏర్పాటు చేయాలని కోరుతూ నిన్ననే ఉత్తరం పంపాను.