మామ దాచిన ఏడు సీసాలు

నకిరేకల్‌లో మామ సంవత్సరీకం అయిన మర్నాడు అత్తమ్మ బీరువా తాళంచెవి నా చేతిలో పెట్టింది. కింది అరలో పాత లుంగీల్లో చుట్టిన ఏడు విస్కీ సీసాలు. మామ 1986లో దుబాయ్ పోయాడు. రెండు మూడేళ్లకోసారి బొంబాయి మీదుగా వచ్చేటప్పుడు డ్యూటీ ఫ్రీలో ఒక సీసా కొనేవాడు. తను తాగేది తాటికల్లే. ఈ సీసాల మూత ఎవర్నీ తీయనిచ్చేవాడు కాదు. "పాతబడ్డకొద్ది ధర పెరుగుతది, బంగారం లెక్క" అనేవాడు.

"అమ్మితే ఎంతొస్తదో చూడు బిడ్డా, పిల్లలు ముగ్గురికి సమంగ పంచుత" అంది అత్తమ్మ. నాలుగైదు రోజుల పని అనుకున్నాను. ఎనిమిది నెలలు పట్టింది.

మొదట తెలిసిన సంగతే మామ లెక్కను తారుమారు చేసింది. విస్కీకి వయసు పెరిగేది ఓక్ చెక్క పీపాలోనే. సీసాలోకి వచ్చాక అక్కడితో ఆగిపోతుంది. స్కాచ్ అనాలంటే స్కాట్లాండ్‌లో పీపాలో కనీసం 3 ఏళ్లు ఉండాలి. లేబుల్ మీద 12 అని ఉంటే అందులో కలిపిన వాటిలో అన్నింటికన్నా చిన్నదానికి 12 ఏళ్లు. ఆ సీసాను 30 ఏళ్లు బీరువాలో పెట్టినా అది 12 ఏళ్ల విస్కీయే. మరి పాత సీసాలకు లక్షలూ కోట్లూ ఎందుకు పలుకుతాయంటే, అవి మళ్లీ దొరకవు కాబట్టి. 2023 నవంబరులో లండన్‌లో సదబీస్ వేలంలో మెకాలన్ 1926 సీసా ఒకటి 21 లక్షల పౌండ్లకు పైగా పలికింది. మన డబ్బుల్లో 20 కోట్లు దాటింది. 60 ఏళ్లు పీపాలో ఉన్న ఆ విస్కీ మొత్తం 40 సీసాలే. పోర్ట్ ఎలెన్, బ్రోరా అనే డిస్టిలరీలు 1983లో మూతపడ్డాయి. ఇటీవల మళ్లీ తెరిచినా, ఆనాటి సరుకు కోసం జనం ఇప్పటికీ వెతుకుతారు. మామ కొన్నవి నాలుగు జానీ వాకర్ బ్లాక్ లేబుళ్లు, రెండు షివాస్‌లు, నీలం పింగాణీ బుడ్డిలో ఒక రాయల్ సెల్యూట్. అన్నీ లక్షల పెట్టెల్లో ప్రపంచమంతా అమ్ముడైనవే. ఈ మాట అత్తమ్మకు చెప్పడానికి నాకు వారం పట్టింది.

తర్వాత ఒక్కో సీసా ఏ కాలం నాటిదో తేల్చాలి. దీనికి లేబులే ఆధారం. యూరప్‌లో 90ల మొదట్లో 75 సెంటీలీటర్ల సీసా పోయి 70 వచ్చింది. నీలం బుడ్డి మీద 75 ఉంది, అంటే మామ తొలి ప్రయాణాల నాటిది. బ్లాక్ లేబుళ్ల మీద కిల్మార్నాక్ అనే ఊరి పేరు ఉంది. ఈ బ్రాండుకు పేరిచ్చిన జాన్ వాకర్ 1820లో కిరాణా కొట్టు పెట్టింది ఆ ఊళ్లోనే. అక్కడి ప్లాంటును 2012లో మూసేశారు. కిరాణా కొట్టుతో మొదలైందని చదివినప్పుడు ఆ పేరు మీద అభిమానం కలిగింది.

రాయల్ సెల్యూట్ నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం కోసం 1953లో తెచ్చిన బ్రాండు అది. 21 తుపాకుల వందనానికి గుర్తుగా 21 ఏళ్ల విస్కీ. గాజు సీసా అయితే లోపల ఎంతుందో కనిపిస్తుంది, పింగాణీలో ఎట్లా తెలుస్తుంది? చెవి దగ్గర పెట్టి ఊపితే బాగా కదిలిన చప్పుడు. మఖమల్ సంచి అడుగున గోధుమరంగు మరక. పక్క కిరాణా కొట్టు కాటా మీద తూచి తేదీతో రాసిపెట్టాను. రెండు నెలలకు మళ్లీ తూస్తే 15 గ్రాములు తగ్గింది. సీలు ఉన్నది ఉన్నట్టే ఉంది.

కారణం అత్తమ్మ చెప్పింది. 1995లో మద్యనిషేధం వచ్చినప్పుడు పోలీసులు వస్తారేమోనని అప్పటికి ఉన్న సీసాలను వడ్ల గుమ్మిలో దాచిందట. 1997లో సడలించేదాకా అవి వడ్లలో పడుకునే ఉన్నాయి. వైన్‌ను పడుకోబెట్టాలి, విస్కీని మాత్రం నిలబెట్టే ఉంచాలి. అంత ఘాటు స్పిరిట్ రాత్రింబవళ్లు తగిలితే కార్కు తినేసుకుపోతుంది. ఒక లేబుల్‌కు వడ్ల పొట్టు ఇంకా అంటుకునే ఉంది. దానికితోడు బీరువా ఉన్నది పడమటి గోడకు. మే నెలలో ఆ ఇనుము చేయి పెట్టలేనంత కాలుతుంది. సీసాలన్నీ నడిమింట్లో చీకటి మూలకు మార్చి, మూతల చుట్టూ పారాఫిల్మ్ అనే సాగే మైనపు పొర చుట్టాను.

అమ్మకం దగ్గర నేను తప్పు చేశాను. చట్టం తెలుసుకోకుండా ఒక వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పెట్టాను. గంటలో ఫోన్. నీలం బుడ్డి ఒక్కదానికే 4 లక్షలిస్తానన్నాడు. ముందు వెరిఫికేషన్ కింద 12 వేలు పంపమన్నాడు. రెండు రాత్రులు టెన్షన్‌తో నిద్ర లేదు. మూడోరోజు నల్లగొండ ఎక్సైజ్ ఆఫీసుకు వెళ్లి ఉన్నదంతా చెప్పాను. అక్కడి అధికారి ఓపికగా విన్నారు. లైసెన్సు లేకుండా ఒక్క సీసా అమ్మినా నేరమే, ఇంట్లో ఉంచుకోవడానికీ పరిమితి ఉంది అన్నారు. ఫొటోలు అప్పుడే తీసేశాను. విదేశీ వేలానికి పంపుదామంటే కొరియర్ వాళ్లు మద్యం అనగానే తీసుకోమన్నారు.

విస్కీని పెట్టుబడి అని చెప్పేవాళ్లు మన దగ్గర ఈ మాట చెప్పరు. కొనడం తేలిక, అమ్మే దారి లేదు. అమ్ముకోలేనిదాన్ని నేను పెట్టుబడి అనను.

"ఏం రాదు అత్తమ్మా" అని చెప్పాను. ఆమె కాసేపు ఊరుకుని, "మరి పిల్లలకే ఇయ్యి, నాయిన గుర్తు" అంది. తలా రెండు వచ్చాయి. నీలం బుడ్డి మిగిలింది.

పెత్రమాస నాడు విస్తట్లో మామకు ఇష్టమైనవన్నీ పెట్టాక అత్తమ్మే అంది: "బతికున్నన్ని రోజులు నోట్లె పోస్కోలె. గా నీలం బుడ్డి ఇప్పు బిడ్డా."

కార్కు లాగితే సగానికి విరిగి పొడిపొడిగా లోపల పడింది. పాలు వడగట్టే గుడ్డలో వడగట్టి కొలిచాను. 750లో 540 ఎంఎల్ ఉంది. చిన్న గ్లాసులో పోసి విస్తరి పక్కన పెట్టి, సాక పోశాం. తర్వాత నేనూ, మామతో దుబాయ్‌లో ఒకే గదిలో ఉన్న ఇద్దరూ తలా కొంచెం తీసుకున్నాం. సోడా, ఐసు లేవు, నాలుగు చుక్కల నీళ్లు మాత్రమే. ఘాటు తగ్గింది. ఎండుఖర్జూరం, పాత చెక్కపెట్టె, చివర్లో ఆరిన కట్టెల పొయ్యి వాసన. అందులో ఒకాయన గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు.

మిగిలినదాన్ని గాలి చేరకుండా మూడు చిన్న గాజు సీసాల్లో మెడదాకా నింపాను. రెండు వాళ్లిద్దరికి ఇచ్చాను. మూడోది వచ్చే పెత్రమాసకు.