పుస్తకంలో లాభం, గల్లాలో లోటు: పర్లాకిమిడి హార్డ్‌వేర్ కొట్టు లెక్క

మాది ఒడిశా-ఆంధ్ర సరిహద్దులోని పర్లాకిమిడిలో సిమెంటు, ఇనుము, పైపులు అమ్మే కొట్టు. పద్దుల్లో లాభం కనిపించేది, డీలరుకి కట్టే రోజుకి మాత్రం గల్లాలో డబ్బుండేది కాదు. ఎక్కడ ఇరుక్కుందో తేల్చడానికి లాభనష్టాల పట్టీ పక్కన పెట్టి, రూపాయి ఎన్ని రోజులు బయట తిరుగుతోందో లెక్క కట్టాను.

నెల అమ్మకం 6 లక్షలు, అందులో 3.6 లక్షలు అరువు. మేస్త్రీలు, కాంట్రాక్టర్ల నుంచి అది రావడానికి సగటున 45 రోజులు పడుతుంది. అంటే ఎప్పుడు చూసినా 5.4 లక్షలు ఊరి మీదే. నెలకు కొనే 5 లక్షల సరుకు 25 రోజులు గోదాములో ఉంటుంది, అది ఇంకో 4.2 లక్షలు. డీలరు ఇచ్చే గడువు 15 రోజులే కనుక మనకు కలిసొచ్చేది 2.5 లక్షలు. మిగిలిన 7.1 లక్షలు సొంత డబ్బయినా పెట్టాలి, బ్యాంకు సీసీ (క్యాష్ క్రెడిట్: సరుకు, బాకీల పూచీ మీద బ్యాంకు ఇచ్చే అప్పు పరిమితి) అయినా వాడాలి. వసూలు 30 రోజులకు తెస్తే, ఒక్క బస్తా ఎక్కువ అమ్మకుండానే 1.8 లక్షలు చేతికొస్తాయి. అందుకే అరువు దగ్గరే మొదలుపెట్టాను.

బాకీలను పేర్ల వరసలో కాక వయసు వరసలో రాసుకున్నాను: 30 రోజుల లోపు, 60 లోపు, 90 దాటినవి. ఫోన్ 45వ రోజున కాదు, 25వ రోజునే చెయ్యాలి. పునాది సరుకు డబ్బు ముట్టాకే స్లాబు సరుకు లోడు కదులుతుంది. ఈ ఒక్క నియమానికి మినహాయింపు ఇస్తే మిగతావేవీ నిలవవు. సీసీ ఉన్నవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం: 90 రోజులు దాటిన బాకీని, డబ్బు కట్టని సరుకుని బ్యాంకు మామూలుగా లెక్కలోకి తీసుకోదు. బ్యాంకుకి ఇచ్చే స్టాకు స్టేట్‌మెంటులో అవి తీసేస్తే వాడుకునే పరిమితి తగ్గిపోతుంది.

సరిహద్దు కొట్లకి అసలు చిక్కు జీఎస్టీ. అరువుకి 1,18,000 బిల్లు రాస్తే, డబ్బు రాకపోయినా అందులోని 18,000 పన్ను లెక్కలోకి వచ్చేస్తుంది. నెలనెలా రిటర్ను వేసేవాళ్లు వచ్చే నెల 20లోగా కట్టాలి. ఆంధ్రలోని పాతపట్నం వైపు నుంచి తెచ్చిన సరుకు మీద ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకం మీద పన్ను) పడుతుంది. అలా కట్టిన పన్ను క్రెడిట్‌గా మనం కట్టాల్సిన పన్నులోంచి తగ్గుతుంది: ముందు ఐజీఎస్టీకి, తర్వాత ఒడిశా అమ్మకాల మీద కేంద్ర, రాష్ట్ర వాటాలైన సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీలకు వాడుకోవచ్చు. అయితే అమ్మినవాడు 11లోగా జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల రిటర్ను) వేస్తేనే 14న మన 2బీలో (మనకు దక్కే క్రెడిట్ల పట్టీలో) కనబడుతుంది. మూడు నెలలకోసారి వేసేవాడైతే 13లోగా ఐఎఫ్‌ఎఫ్‌లో (నెల బిల్లులు విడిగా ఎక్కించే సదుపాయంలో) ఎక్కించాలి. లేదంటే ఆ నెల పన్ను నగదుగా గల్లాలోంచే పోతుంది. కొనేటప్పుడు ధరతో పాటు రిటర్ను ఎలా వేస్తారో కూడా అడుగుతాను. 180 రోజుల్లో డీలరుకి కట్టకపోతే తీసుకున్న క్రెడిట్ వడ్డీతో వెనక్కి ఇవ్వాలి, అదీ గుర్తుండాలి.

ఇక వానలు. జూన్ నుంచి పనులు మందగిస్తాయి. సిమెంటు మూడు నెలలు దాటితే బలం తగ్గుతుంది, తేమ తగిలితే బస్తా గడ్డకడుతుంది. మే నెలాఖరుకి సిమెంటు పది రోజుల అమ్మకానికి మించకుండా దింపుతాను. ఇనుము నిలవున్నా నష్టం తక్కువ. ప్రతి సోమవారం రాబోయే 13 వారాల వరసలో రావలసింది, కట్టవలసింది పెన్సిలుతో దిద్దుతాను. ఏ వారం కింద అంకె లోటు చూపిస్తే, ఆ వారం లోడు ఆర్డరు అప్పుడే వెనక్కి జరుపుతాను.