క్యాంప్‌ఫైర్ మీద వంట: ముప్పావు వంతు పని ఇంట్లోనే

క్యాంపింగ్‌లో వంట నాది అని ఒప్పుకున్నప్పుడే మావాళ్లకి ఒక షరతు పెట్టాను. అక్కడికి వెళ్లాక కత్తి బయటికి తీయను, ఉల్లిపాయ తరగను, గిన్నె తోమను. "మరి తినేదేంటక్కా, బిస్కెట్లా?" అన్నాడు తమ్ముడు. కాదు, వేడివేడి భోజనమే. కాకపోతే తరగడం, ఉడికించడం, ఉప్పూకారం చూసుకోవడం అన్నీ ముందురోజు రాత్రే వంటింట్లో అయిపోతాయి. నిప్పు దగ్గర మిగిలేది వేడి చేయడం ఒక్కటే.

దీన్ని బద్ధకం అనేవాళ్లు చీకటి పడ్డాక నెత్తికి లైటు కట్టుకుని, నేల మీద ఒంగి కూర్చుని, కూరగాయలు తరిగి చూడాలి. బోర్డు పెట్టుకోవడానికి చదునైన చోటుండదు. నీళ్లు చూసి చూసి వాడాలి. పచ్చి మాంసం ముట్టుకున్న చెయ్యి ఎక్కడ కడుక్కోవాలో తెలియదు. చుట్టూ ఆకలితో ఉన్న జనం. వంటంటే నాకిష్టమే గానీ ఈ అవస్థ మాత్రం కాదు.

అందుకే ఫాయిల్ పొట్లాలు కట్టాలనుకున్నాను. మనిషికొకటి. అందులోనే వేడెక్కుతుంది, అందులోనే తినేయొచ్చు. ఎవరికి కారం వద్దో, ఎవరు మాంసం తినరో పొట్లం కట్టేటప్పుడే చూసుకోవచ్చు.

అసలు తిప్పలంతా లోపల ఏం పెట్టాలన్న దగ్గరే. ఉన్నవన్నీ ఒకేసారి సిద్ధం కావాలి కదా. క్యాప్సికం నాలుగు నిమిషాల్లో మెత్తబడుతుంది, బంగాళాదుంప అరగంటైనా మొండికేస్తుంది. ఆకలి రుచెరగదంటారు గానీ, సగం పచ్చిగా ఉన్న బంగాళాదుంప ఎంత ఆకలి మీదున్నా గొంతు దిగదు. పైగా పచ్చిదుంప తరిగి రాత్రంతా ఉంచితే గాలి తగిలి నల్లబడుతుంది. రెంటికీ మందు ఒకటే. రెండు సెంటీమీటర్ల ముక్కలు కోసి, ఉప్పేసిన నీళ్లలో ఓ 7 నిమిషాలు ఉడికించాను. కత్తి మొన గుచ్చితే పైన దిగి మధ్యలో ఆగాలి, అదీ గుర్తు. నీళ్లు వంపేసి చిల్లుల గిన్నెలోనే వదిలేస్తే ఆవిరి పోయి, ముక్క పైన పొడిగా, కాస్త గరుగ్గా అవుతుంది. నూనే, మిరియాల పొడీ పట్టుకునేది ఆ గరుకుకే. క్యారెట్‌ని పల్చటి చక్రాలుగా, క్యాప్సికంని పెద్ద పెద్ద పలకలుగా, ఉల్లిపాయల్ని మందపాటి చక్రాలుగా కోశాను.

చికెన్ విషయంలో మాత్రం చాలాసేపు ఆలోచించాను. కూరగాయల్ని సగం ఉడికించి దాచొచ్చు గానీ మాంసాన్ని అలా చేయకూడదు. సగం ఉడుకులో బాక్టీరియా పూర్తిగా చావదు, మిగిలింది చల్లారేలోపు హాయిగా పెరుగుతుంది. పెడితే పూర్తి పచ్చిగా పెట్టాలి, లేదా పూర్తిగా వండేసి పెట్టాలి. పచ్చిగా తీసుకెళ్తే రుచి కాస్త ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ చీకట్లో, మంట ఎలా ఉంటుందో తెలియని చోట, పిల్లలకి కూడా పెట్టే భోజనంలో చికెన్ ఉడికిందా లేదా అన్న టెన్షన్ నాకొద్దు. ఎముకల్లేని తొడ మాంసం తీసుకుని, వెల్లుల్లి, మిరియాలు, ఉప్పు పట్టించి ఇంట్లోనే పూర్తిగా వండేశాను. తొడ మాంసమే ఎందుకంటే అందులో కొవ్వు ఎక్కువ, రెండోసారి వేడి చేసినా పీచులా ఎండిపోదు. రొమ్ము ముక్కలకి ఆ ఓపిక లేదు. మాంసం తిననివాళ్లకి ఉడికించిన శనగలూ పుట్టగొడుగులూ.

వండిందంతా వేడిగా ఉండగానే పొట్లం కట్టకూడదు. వెడల్పాటి పళ్లెంలో పల్చగా పరిచి, త్వరగా చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టాకే ఫాయిల్ జోలికి వెళ్లాను.

ఫాయిల్ మందంగా ఉన్నది కొనాలి, అదీ రెండు పొరలు వేయాలి. పల్చటిది నిప్పుల మీద తిప్పేటప్పుడే చిరుగుతుంది. నిమ్మరసం, టమాటా లాంటి పులుపుకి ఉప్పు తోడైతే అల్యూమినియంని తినేస్తుంది, రాత్రంతా ఉంచితే సన్నటి చిల్లులు పడతాయి. అందుకని లోపల ఒక వరస బేకింగ్ పేపర్ వేశాను, నిమ్మకాయ మాత్రం తినేటప్పుడు పిండుకోవడానికి విడిగా పెట్టాను. మెరిసే వైపు లోపలికా బయటికా అని మా ఇంట్లో పెద్ద చర్చే నడిచింది. ఎటైనా ఒకటే. ఫ్యాక్టరీలో చివరిసారి రెండు రేకుల్ని కలిపి రోలర్ల మధ్య నడుపుతారు. రోలర్‌కి తగిలిన వైపు మెరుస్తుంది, ఒకదానికొకటి ఆనుకున్న వైపు మెరవదు, అంతే.

అడుగున ఉల్లిపాయలు పరిచాను. నిప్పుకి దగ్గరగా ఉండేవి అవే, వాటి నీరే మిగతావాటిని మాడకుండా కాపాడుతుంది. దాని మీద దుంపలు, క్యారెట్, ఆ పైన చికెన్, అన్నిటికన్నా పైన క్యాప్సికం, ఓ వెన్న ముక్క. రెండంచులూ కలిపి మూడు మడతలు మడిచి, పక్కలు చుట్టాను. పైన రెండు వేళ్ల ఖాళీ వదిలాను, ఆవిరి తిరగడానికి. మార్కర్‌తో పేర్లు రాసి ఫ్రిజ్‌లో పెట్టాను. ఫ్రీజర్‌లో పెట్టలేదు, ఉడికిన దుంప గడ్డకట్టి కరిగితే ఇసకలా పలుకుతుంది.

ఇక కూలర్, అంటే ఐస్ పెట్టె. వండిన పదార్థాలకి 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య వేడి ప్రమాదం. ఆ మధ్యలో రెండు గంటలకి మించి ఉండకూడదు, బయట 32 డిగ్రీలు దాటితే ఒక గంటే. ఐస్ ముక్కలకన్నా గడ్డ నెమ్మదిగా కరుగుతుంది కాబట్టి, నీళ్ల సీసాల్ని మెడ దాకా నింపకుండా గడ్డకట్టించి అడుగునా పక్కలా పేర్చాను. కరిగాక తాగడానికీ అవే. కూల్‌డ్రింకులకి వేరే పెట్టె. ఇది నేను గట్టిగా చెప్పిన మాట, ఎందుకంటే దాహం వేసినప్పుడల్లా ఎవరో ఒకరు మూత తీస్తారు, తీసిన ప్రతిసారీ చల్లదనం పోతుంది. సాయంత్రం తెరిచి చూస్తే లోపలి థర్మామీటరు 4 చూపిస్తోంది. అప్పటిదాకా బిగబట్టుకున్నదాన్ని కాస్త ఊపిరి తీసుకున్నాను.

నిప్పు దగ్గరికి వద్దాం. తినాలనుకున్న వేళకి గంటన్నర ముందే వెలిగించాలి. ఈ మాట ఎవరికీ నచ్చదు. క్యాంప్‌ఫైర్ అంటే అందరి కళ్లలో మెదిలేది ఎగిసే మంట. వంటకి కావలసింది ఆ మంట తగ్గాక మిగిలే నిప్పులు. అక్కడ ముందే కట్టి ఉన్న పొయ్యి గుంటలోనే వెలిగించాం. అంచు సరిచేయడానికి వాగులోంచి రాళ్లు తెస్తానన్నవాళ్లని ఆపాను. నీళ్లలో నానిన రాయి లోపల చెమ్మ ఉంటుంది, అది ఆవిరై రాయిని పగలగొట్టి ముక్కలు చిమ్ముతుంది. కట్టెలు ఎండినవి, గట్టి చెక్కవి ఎంచాం. పచ్చివైతే చివర్ల నుంచి నురగ కక్కుతూ బుసకొడతాయి, జిగురున్న చెక్కైతే పొగా మసీ ఎక్కువ.

మంట ఎగసి పడుతుండగానే తమ్ముడు పొట్లం చేతిలో పట్టుకుని తయారు.

"అక్కా, ఇంత మంటుంది కదా, వేసేద్దాం."

"వద్దురా. పైన మాడిపోయి లోపల చల్లగా ఉంటుంది."

"ఇంకా ఎంతసేపు?"

"నువ్వు అడగడం మానేసేదాకా."

ఈ ఎదురుచూపే మొత్తం వంటలో కష్టమైన భాగం. తరగడానికేమీ లేదు, కలపడానికేమీ లేదు, ఊరికే కూర్చోవాలి. నేనైతే ఆ సేపంతా కట్టెల్నే చూశాను. ముందు బెరడు నల్లబడి పలకలు పలకలుగా చీలుతుంది. తర్వాత ఆ చీలికల్లో ఎరుపు కనిపిస్తుంది. దుంగ దానంతటదే విరిగి ఒక పక్కకి ఒరుగుతుంది, నిప్పురవ్వలు లేస్తాయి. చివరికి మంట నాలుకలు పొట్టివై, నీలంగా మారి, నిప్పుల మీద తెల్లటి నివురు కమ్ముతుంది. కర్రతో కదిపితే కింద నారింజ రంగు కణకణలాడాలి. అప్పుడు సగం నిప్పుల్ని ఒక పక్కకి లాగి చదును చేశాను. రెండో పక్కన ఇంకో రెండు కట్టెలు వేసి మంట నడుస్తూనే ఉండేలా చూశాను, ఇటు నిప్పులు చల్లారితే అటునుంచి లాక్కోవడానికి.

వేడి ఎంతుందో చూడటానికి అరచేతిని నిప్పులకి ఓ జానెడు కన్నా తక్కువ ఎత్తులో, దాదాపు 12 సెంటీమీటర్ల పైన పట్టుకుని సెకన్లు లెక్కపెట్టాలి. రెండు మూడు సెకన్లకే చెయ్యి లాగేసుకోవాల్సొస్తే మరీ ఎక్కువ. నాలుగైదు సెకన్లు ఓర్చుకోగలిగితే పొట్లాలకి సరిగ్గా సరిపోతుంది. ఏడెనిమిది దాటితే ఇంకొన్ని నిప్పులు కావాలి. మా నిప్పులు ఐదు దగ్గర ఆగాయి.

మడత పైకి ఉండేలా పొట్లాలు వరసగా పెట్టాను. కాసేపు ఏమీ వినిపించదు. తర్వాత లోపల సన్నగా చిటపట మొదలవుతుంది, ఫాయిల్ పూరీలా ఉబ్బుతుంది. ఐదారు నిమిషాలకోసారి పొడుగు పట్టకారుతో పట్టుకుని చోటు మార్చాను, ఎందుకంటే నిప్పులు అన్నిచోట్లా ఒకేలా ఉండవు. ఇరవై నిమిషాలు దాటాక ఒక పొట్లం పైన చిన్న చీలిక చేసి, ఆవిరి పోనిచ్చి, థర్మామీటరు మధ్యలోకి గుచ్చాను. ముందే వండిన చికెనైనా 74 డిగ్రీలు చేరాలి. 78 చూపించింది. మిగతావాటినీ అలాగే చూసి దించాను.

పొట్లం విప్పేటప్పుడు మొహం దూరంగా పెట్టమని అందరికీ చెప్పాను. ఆ ఆవిరి మామూలుగా ఉండదు. అడుగున ఉల్లిచక్రాలు అంచుల్లో నల్లగా, మధ్యలో తేనెరంగులో, వెన్నలో మగ్గి ఉన్నాయి. వాటిని మొదట పక్కకి తోసినవాళ్లే చివరికి వేళ్లతో గీరుకుని తిన్నారు. దుంప చెంచాతో నొక్కితే విచ్చుకుంది. పుట్టగొడుగుల పొట్లం మాత్రం కాస్త నీళ్లోడింది. పుట్టగొడుగుల్ని ముందు పెనం మీద వేయించి నీరు ఇంకించాకే కట్టాలి, ఆ పని కూడా ఇంట్లోనే.

తిన్నాక ఫాయిల్‌ని మంటలో పడేయబోయిన చేతుల్ని ఆపాల్సొచ్చింది. అది కాలదు. అల్యూమినియం కరగడానికే 660 డిగ్రీలు కావాలి, మామూలు మంటలో ముక్కలై బూడిదలో మిగిలిపోతుంది. అన్నీ నలిపి ఒక సంచిలో కట్టి, వాసనకి జంతువులు రాకుండా కారులో పెట్టి తాళం వేశాం.

పడుకోబోయే ముందు నిప్పార్పడానికి ఓ పావుగంట పట్టింది. నీళ్లు పోసి, కర్రతో కలియబెట్టి, మళ్లీ పోసి, బుస ఆగేదాకా అదే పని. మట్టి కప్పితే సరిపోతుందనుకుంటారు గానీ, కింద నిప్పు గంటల తరబడి అలాగే ఉంటుంది. చివర్లో చెయ్యి వెనక్కి తిప్పి బూడిద పైన పెట్టి చూశాను, వేడి తగల్లేదు.

పొద్దున్నకి గుడ్లు ఉన్నాయి. అవీ ఇంట్లోనే గిలక్కొట్టి, ఉప్పూ మిరియాలూ వేసి, సీసాలో పోసి కూలర్‌లో పెట్టినవే. పెనం మీద వంచడమే తరువాయి. దానికి మళ్లీ నిప్పులు కావాలి కాబట్టి, ఐదున్నరకే లేచి కట్టెలు వెలిగించే పని తమ్ముడికి అప్పజెప్పి పడుకున్నాను.