మైనస్ ఒకటి నుంచి బండి అప్పు దాకా

మా నాన్న ఉద్యోగ విరమణ వరకు ఎవరి దగ్గరా చేబదులు కూడా పుచ్చుకోలేదు. ఆ ఇంట్లో పెరిగినవాణ్ని కాబట్టి, హైదరాబాద్‌లో ఉద్యోగం కుదురుకున్నాక స్కూటర్ అప్పుకు దరఖాస్తు చేసినప్పుడు నా సిబిల్ స్కోరు (అప్పు తీర్చే తీరును బట్టి ఇచ్చే అంకె) మీద నాకు ఏ అనుమానమూ లేదు. బ్యాంకు అధికారి కంప్యూటర్ తెరను నావైపు తిప్పారు. అక్కడ ‘-1’ అని ఉంది.

"స్కోరు తక్కువని కాదండీ, అసలు లేదు. మీరెప్పుడూ అప్పు తీసుకోలేదు కదా" అన్నారు.

స్కోరు 300 నుంచి 900 వరకు ఉంటుంది. జీతం ఎంత, పొదుపు ఖాతాలో ఎంత ఉంది అన్నది అందులోకి రాదు. తీసుకున్న అప్పు ఎలా తీరుస్తున్నామన్నదే లెక్క. "అప్పు చేయకపోవడం కూడా నేరమేనా?" అని నాన్న ఫోనులో మండిపడ్డారు. ఆయన కోపంలో న్యాయముంది. తొలిసారి అడిగేవారిని కేవలం చరిత్ర లేదన్న కారణంతో తిప్పి పంపవద్దని రిజర్వు బ్యాంకు 2025 జనవరి ఆదేశాల్లో చెప్పింది. నా సంగతి అంతకు ముందుది.

అదే అధికారి ఒక దారి చూపించారు. కొంత సొమ్ము ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తే, దాని హామీ మీద క్రెడిట్ కార్డు ఇస్తారు. పరిమితి డిపాజిట్ కన్నా కాస్త తక్కువ. డిపాజిట్ మీద వడ్డీ మామూలుగానే వస్తుంది. పాతిక వేలు వేసి కార్డు తీసుకున్నాను. పెట్రోలు, ఫోను రీఛార్జి తప్ప దాంతో ఇంకేమీ కొనలేదు. బిల్లులో మొత్తం బకాయి పక్కనే ‘కనీస మొత్తం’ అని ఇంకో అంకె కనిపిస్తుంది. అది కడితే ఆలస్య రుసుము పడదు గానీ, మిగిలినదానిపై ఏడాదికి 40 శాతం చుట్టుపక్కల వడ్డీ నడుస్తుంది. అందుకే మొత్తం బకాయికే ఆటో డెబిట్ పెట్టాను.

అప్పుడే ఇంకో కిటుకు తెలిసింది. పరిమితిలో 30 శాతానికి మించి వాడకపోవడం మంచిదంటారు. అయితే అప్పట్లో క్రెడిట్ బ్యూరోకు, అంటే అందరి అప్పుల చరిత్ర నమోదు చేసే సంస్థకు, సాధారణంగా చేరేది బిల్లు తయారైన రోజున ఉన్న బకాయే. చిన్న పరిమితి కార్డుకు కాస్త ఎక్కువ వాడినా ఆ గీత దాటిపోతుంది. అలాంటి నెలల్లో బిల్లు తేదీకి ముందే కొంత కట్టేసేవాణ్ని.

ఆరు నెలల చరిత్ర పోగయ్యాక స్కోరు వచ్చింది. కానీ ఆశించినంత లేదు. దేశంలో నాలుగు క్రెడిట్ బ్యూరోలున్నాయి: సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ప్రతిదీ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. తెప్పించి చూస్తే నా కార్డు వివరాల కింద ఇంకో ఖాతా ఉంది. ఎవరో టీవీ కోసం తీసుకున్న వాయిదాల అప్పు! వాయిదాలు కట్టిన వివరాలు నెలకో గడి చొప్పున వరుసగా ఉన్నాయి. సకాలంలో కట్టిన నెలకు ‘000’. ఈ ఖాతాలో కొన్ని సున్నాల తర్వాత 030, 060, 090 అని ఆలస్యమైన రోజులు పెరుగుతూ పోయాయి. చిరునామా నేనెన్నడూ అడుగుపెట్టని ఊరిది. పేరూ ఇంటిపేరూ మాత్రం అచ్చం నావే. మన వాళ్లలో ఇంటిపేరు ఒక కార్డులో ముందు, ఒక కార్డులో వెనక, ఇంకోదాంట్లో పొడి అక్షరంగా ఉంటుంది కాబట్టి ఇలాంటి కలగాపులగం జరగడం వింతేమీ కాదు.

బ్యూరో వెబ్‌సైటులో ఫిర్యాదు పెట్టాను. అయితే అప్పిచ్చిన సంస్థ ఒప్పుకుంటేనే బ్యూరో దిద్దుతుంది. ఆ సంస్థ కాల్ సెంటర్ వాళ్లు "ముందు బాకీ కట్టండి సార్, తర్వాత చూద్దాం" అన్నారు. ఎవరి టీవీకి ఎవరు కడతారు? వాళ్ల ఫిర్యాదుల అధికారికి మెయిల్ రాశాను. పాన్, ఆధార్ నకళ్లు జతచేసి, ఆ అప్పు పత్రంపై ఉన్న సంతకాన్నీ ఫొటోనూ చూపించమని అడిగాను. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలన్న నిబంధననూ గుర్తుచేశాను. ఆ వాక్యం పడ్డాక జవాబుల్లో మర్యాద వచ్చింది. గడువులోపే ఖాతా తొలగింది, స్కోరు 750 దాటింది.

స్కూటర్ అప్పు ఆ తర్వాత సులువుగానే వచ్చింది. డిపాజిట్ గడువు తీరినా వెనక్కి తీసుకోలేదు, తీసుకుంటే దాని హామీ మీద ఉన్న కార్డు, అంటే నా అన్నిటికన్నా పాత ఖాతా, మూతపడుతుంది.

ఈమధ్య ఆఫీసులో ఒక మిత్రుడు తన అప్పుకు హామీ సంతకం పెట్టమన్నాడు. హామీదారు రిపోర్టులోనూ ఆ అప్పు కనబడుతుందని, వాయిదా తప్పితే దెబ్బ ఇద్దరికీ అని చెప్పి కుదరదన్నాను. కొన్నాళ్లు టీకి పిలవలేదు. తర్వాత తనే వచ్చి, రిపోర్టు ఎక్కడ తీసుకోవాలని అడిగాడు.