వాషింగ్ మెషిన్ పాయింట్ ఎందుకు కాలింది?

బెంగళూరు మారతహళ్ళిలో మేముండే అద్దె ఇంట్లో కాలిన ప్లాస్టిక్ వాసనను ముందు పసిగట్టింది మా అత్తయ్య. వాషింగ్ మెషిన్ ప్లగ్ పీకి చూస్తే ఒక పిన్ను నల్లబడింది. సాకెట్‌లో కుడివైపు రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగింది. ఓనర్ పంపిస్తానన్న ఎలక్ట్రీషియన్ "ఈవినింగ్ వస్తా సార్" అంటూనే ఉన్నాడు, బట్టలు గుట్ట పడుతూనే ఉన్నాయి. డిప్లొమాలో ట్రిపుల్‌ఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్) చదివినవాణ్ణి కదా, నేనే దిగాను.

వీధి చివర ఎలక్ట్రికల్ షాపాయనది మదనపల్లె. మాడ్యులర్ బోర్డుల్లో, అంటే ఫ్రేములో స్విచ్‌లు, సాకెట్లు విడివిడిగా బిగించే రకంలో, ఒక కంపెనీ సాకెట్ ఇంకో కంపెనీ ఫ్రేములో సరిగ్గా కూర్చోదు కాబట్టి బోర్డు ఫోటో చూపించాను. "స్విచ్ కూడా మార్చేయన్నా, సాకెట్ కాలిందంటే అదీ ఎంతో కొంత ఉడికే ఉంటుంది" అన్నాడు. నిజమే. ప్లగ్ టాప్ (వైరు చివర పిన్నులుండే ప్లగ్) కూడా తీసుకున్నాను. మాడిన పిన్ను గుచ్చితే కొత్త సాకెట్‌కీ అదే గతి.

అసలు జాగ్రత్త కరెంటు ఆపేటప్పుడే. బెంగళూరులో చాలా ఇళ్లలో ఇన్వర్టర్ ఉంటుంది కదా, మెయిన్ దించేస్తే సరిపోదు. మా బోర్డులో వాషింగ్ మెషిన్ పెట్టే 16 ఆంప్స్ పాయింట్‌కి కరెంటు పోయింది గానీ, పక్కనున్న 6 ఆంప్స్ సాకెట్‌లో టెస్టర్ ఇంకా వెలుగుతూనే ఉంది. అది ఇన్వర్టర్ లైను. దాన్నీ ఆపి, టెస్టర్ పనిచేస్తోందని ముందే చూసుకుని, ప్రతి వైరుకీ దాన్ని తాకించి చూశాకే స్క్రూలు విప్పాను.

సాకెట్ బయటికి లాగగానే సంగతి తేలిపోయింది. ఫేజ్ (కరెంటు వచ్చే వైరు) బిగించే టెర్మినల్‌లో రెండు వైర్లు దూర్చారు. రంధ్రంలో పట్టడానికి ఎవరో మహానుభావుడు రాగి పోగులు సగం కత్తిరించేశాడు! మిగిలిన సగం మీద స్క్రూ వదులుగా ఉంది. నీళ్లు వేడిచేసేటప్పుడు మెషిన్ 2000 వాట్ల దాకా లాగుతుంది. 230 వోల్టుల దగ్గర అది దాదాపు 8.7 ఆంప్స్. 16 ఆంప్స్ సాకెట్‌కి అదొక లెక్క కాదు. కానీ వదులు జాయింటు దగ్గర రెసిస్టెన్స్ పెరిగి వేడి పుడుతుంది, వేడికి పట్టు ఇంకా వదులవుతుంది.

వైరు చివర తొడుగు అప్పడంలా పెళుసెక్కింది. మెరిసే రాగి కనపడేదాకా కోసేశాను. అదృష్టం, బోర్డు వెనక పెట్టెలో కాస్త వైరు మిగులుంది. పోగులన్నీ మెలిపెట్టి, మడిచి, బిగించి, ఒక్కొక్కటీ గట్టిగా లాగి చూశాను. ఎదురుగా చూస్తే ఫేజ్ కుడివైపు, న్యూట్రల్ ఎడమవైపు, ఎర్త్ పైన. వెనక నుంచి బిగించేటప్పుడు కుడిఎడమలు తారుమారవుతాయి, అందుకే అక్కడున్న ఎల్ (ఫేజ్), ఎన్ (న్యూట్రల్) అక్షరాలనే నమ్మాలి. స్విచ్ ఆపితే తెగాల్సింది ఫేజే.

మెషిన్ వేడినీళ్లతో ఒక రౌండు తిప్పి, ప్లగ్ మీద చెయ్యి పెట్టి చూశాను, చల్లగానే ఉంది. ఆ ఊపులో గీజర్ పాయింటూ విప్పాను. అక్కడ తొడుగు గోడలోని పైపు లోపలిదాకా మాడిపోయింది. వైరే కొత్తది లాగాలి, అది నా ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఫోటోలు ఓనర్‌కి పంపితే, ఆ సాయంత్రమే ఎలక్ట్రీషియన్ వచ్చాడు.